మూలల్లో మిగిలిన రంగు

ఈ మధ్య మా ఇంటికొచ్చినవాళ్ళందరూ హాల్లో ఉన్న చెక్క బీరువా చూసి ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు. కొనలేదండీ. 1971లో అమ్మ పెళ్ళికి తాతయ్య సారెతో పాటు పంపిన టేకు బీరువా అది. ఈ యాభై ఏళ్ళలో దానికి ఎన్ని రంగులు మారాయో నాకు తెలుసు, ఎందుకంటే ఆఖరిసారి ఆ పొరలన్నీ గోకింది నేనే. ఆ సంగతంతా ఒకచోట రాసిపెట్టుకోవాలని ఎప్పటినుంచో ఉంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాన్న విశాఖలో ఓడలు కట్టే హిందుస్థాన్ షిప్‌యార్డులో పెయింటరు. 1948లో నెహ్రూ గారు 'జల ఉష' ఓడని నీళ్ళలోకి దింపిన యార్డు అది. నాన్న 1966లో చేరారు, 2001లో రిటైరయ్యారు. నేనూ తమ్ముడూ పుట్టి పెరిగిందంతా గాంధీగ్రామ్ క్వార్టర్లలోనే. ఓడ దింపే రోజు మాకు పండగ. కొబ్బరికాయ కొట్టాక అంత పెద్ద ఓడ మెల్లగా కదిలి జారుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడుతుంటే జనం ఒక్కసారిగా అరిచేవారు. తమ్ముడు మాత్రం ఓడ కన్నా దాని రంగు చూసి "అది మా నాన్నే వేశాడు" అని పక్కవాళ్ళందరికీ చెప్పేవాడు.

నాన్న ఇంటికొచ్చాక మొదటి పని చేతులు కడుక్కోవడం. పెరట్లో బాయిలర్ పక్కన కూర్చుని కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని, లైఫ్‌బాయ్ సబ్బుతో రుద్ది, మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ సబ్బు. అయినా గోళ్ళ మూలల్లో సన్నటి గీతలా రంగు మిగిలిపోయేది. అన్నం కలుపుతుంటే ఆ చేతినే చూసేదాన్ని. గోళ్ళలో ఎర్రగా ఉంటే యార్డులో రెడ్ లెడ్ (ఇనుముకి తుప్పు పట్టకుండా వేసే సీసం రంగు) పని జరుగుతోందని, బూడిద రంగుంటే ఓడ పైభాగం పని మొదలైందని, తెలుపైతే లోపల గదులకి వచ్చారని నాకు తెలిసిపోయేది. ఆయన నోటితో ఏ రోజూ పని గురించి చెప్పింది లేదు. గోళ్ళే చెప్పేవి.

ఒకటి మాత్రం పదే పదే చెప్పేవారు. రంగు వెయ్యడం ఆఖరి పని, ముందు పనంతా గోకడమే అని. "తుప్పు మీద రంగేస్తే తుప్పుకి చొక్కా తొడిగినట్టే తల్లీ. లోపల అది తినుకుంటూనే ఉంటాది." ఇంట్లో స్టూలుకి రంగు వెయ్యాలన్నా అదే పద్ధతి. రెండు రోజులు గోకడం, ఒక రోజు లప్పం పెట్టి ఆరనివ్వడం, మళ్ళీ శాండ్ పేపర్, ఆ తర్వాత గాని బ్రష్షు చేతికొచ్చేది కాదు. అమ్మకి విసుగొచ్చేది, స్టూలు లేక నాలుగు రోజులు అటక మీద డబ్బాలు అందేవి కావు మరి.

భోగికి వారం ముందు వీధిలో పిల్లలు పాత చెక్కలు అడగడానికి ఇంటింటికీ వచ్చేవారు. అందరూ విరిగిన కుర్చీలూ మంచం కోళ్ళూ ఇచ్చేసేవారు. నాన్న మాత్రం ఎండు కొమ్మలూ పిడకలూ ఇచ్చి పంపేవారు గాని చేసిన వస్తువు ఒక్కటీ ఇచ్చేవారు కాదు. వీధిలో వాళ్ళు మంటకి తీసిపెట్టిన కుర్చీని అడిగి తెచ్చుకుని బాగుచేసిన రోజులూ ఉన్నాయి. ఆ కుర్చీల్లో ఒకటి ఇప్పటికీ తమ్ముడి ఇంట్లో ఉంది.

ఇక బీరువా సంగతి. ఆరడుగుల ఎత్తు, రెండు తలుపులు, ఒక్కో తలుపు మీదా మూడు గళ్ళు, పైగళ్ళలో చెక్కిన తామరపువ్వులు. కింద ఒక సొరుగు. వచ్చినప్పుడు దానికి స్పిరిట్ పాలిష్ మాత్రమే ఉండేదట, అద్దంలా మెరిసేదని అమ్మ చెబుతుంది. లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని ఉండలా చేసి గుడ్డలో చుట్టి, సున్నాలు సున్నాలుగా తిప్పుతూ పదులసార్లు పట్టిస్తే వచ్చే మెరుపది. చూడటానికి అంత అందమైన పాలిష్ ఇంకోటి లేదనే నా అభిప్రాయం, కానీ మన విశాఖ గాలికి అది నిలబడదు. క్వార్టర్లో వానాకాలం పైకప్పు కారి నీళ్ళు తగిలి తెల్లమచ్చలు పడ్డాయి. తమ్ముడు పుట్టిన 1978లో నాన్న మొదటిసారి దానికి ఎనామిల్ వేశారు, లేత బూడిద రంగు. 1985లో ఆకుపచ్చ. 1996లో నా పెళ్ళికి క్రీమ్. 2004లో గోపాలపట్నంలో సొంతింట్లోకి వెళ్ళినప్పుడు బ్రౌను.

ఆకుపచ్చ వేసిన రోజు నాకు బాగా గుర్తు. సంక్రాంతి సెలవులు, బీరువాని వరండాలోకి లాగి, తలుపులు ఊడదీసి, ఇటుకల మీద పడుకోబెట్టి వేశారు. లోపలి వైపు కూడా అదే రంగు. ఆ వాసన చీరలకి పట్టి నెల రోజులు పోలేదని అమ్మ గొడవ చేసింది. ఇకముందు లోపల రంగు వేస్తే బట్టలు మీరే ఉతకండి అని కచ్చితంగా చెప్పేసింది. అందుకే ఆ తర్వాత పైన క్రీమొచ్చినా బ్రౌనొచ్చినా తలుపుల లోపలివైపు 1985 ఆకుపచ్చే ఉండిపోయింది. అందులో ఎడమ తలుపు అంచున, అడుగు నుంచి మూడడుగుల ఎత్తులో, మూడు చిన్న వేళ్ళ గుర్తులున్నాయి. తడి రంగు ముట్టుకోవద్దని నాన్న చెప్పి అటు తిరిగిన క్షణంలో పడ్డవి. అవి నా వేళ్ళంటాడు తమ్ముడు, వాడివంటాను నేను. నాకప్పుడు పదకొండేళ్ళు, వాడికి ఏడు. ఎత్తుని బట్టి చూస్తే ఎవరివో మీకే అర్థమవుతుంది, తలుపు నేల మీద పడుకుని ఉన్న సంగతి వాడు గుర్తు చెయ్యనంతవరకూ.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ రోజు విశాఖలో ఉన్నవాళ్ళెవరికీ ఆ తేదీ చెప్పక్కర్లేదు. నేనప్పుడు గోపాలపట్నంలో అమ్మా నాన్నల దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి చప్పుడు మనిషి అరుపులా మారిపోయింది. ముందు గదిలో కిటికీ రెక్క ఒక్క దెబ్బకి ఊడి లోపలికి పడింది, వాన నీళ్ళు అడ్డంగా వచ్చి బీరువా పక్కకే కొట్టాయి. దాన్ని జరపడానికి మేం ముగ్గురం పట్టినా కదల్లేదు. మంచం పరుపు తెచ్చి అడ్డం పెట్టాం, అదీ తడిసిపోయింది. సాయంత్రానికి గాలి తగ్గాక కొండ వైపు చూస్తే సింహాచలం కొండ మీద పచ్చదనమే లేదు, అంతా ఎవరో దువ్వినట్టు బోడిగా ఉంది. నాన్నకి డెబ్భై ఒక్కేళ్ళు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, కొవ్వొత్తి వెలుగులో ఆయన తువ్వాలు పట్టుకుని బీరువాని అడుగడుగూ ఒత్తి ఒత్తి తుడవడం ఇప్పటికీ కళ్ళ ముందుంది.

మర్నాడు ఎండ కాసింది. ఎండలో పెడదామన్నాను. వద్దన్నారు. తడిసిన చెక్కని ఎండలో పెడితే పైన ఆరి లోపల ఆరక పగులుతుందట. "నీడలో ఆరనీ. చెక్క ఎంత నీళ్ళు తాగిందో అంత సమయం అడుగుద్ది." వెనక ప్లైవుడ్ పొరలు విడిపోయాయి గాని టేకు చట్రం ఏమీ కాలేదు. తలుపు మాత్రం ఉబ్బి బిగుసుకుపోయి రెండు నెలలకి మామూలయ్యింది. కిటికీ వైపు పక్కమీద రంగు బొబ్బలు లేచి పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. సంక్రాంతికి మళ్ళీ రంగేద్దాం అన్నారు. ఆ సంక్రాంతికి కుదరలేదు, పై సంక్రాంతికి మోకాళ్ళు సహకరించలేదు. 2018లో నాన్న పోయారు.

2021లో గోపాలపట్నం ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చాం, అమ్మ నా దగ్గరికి ఎంవీపీ కాలనీకి వచ్చేసింది. సామాన్లు సర్దేటప్పుడు పాత చెక్క కొనే అతను వచ్చి బీరువాకి ఆరు వేలు ఇస్తానన్నాడు. ఇంకో వడ్రంగి మేస్త్రి చూసి, "మైకా అంటించేద్దాం మేడమ్, కొత్తదైపోద్ది" అన్నాడు. తామరపువ్వుల మీద మైకా ఎలా అంటిస్తారని అడిగితే, అవి చెక్కి తీసేసి చదును చేస్తానన్నాడు. చాలా మామూలుగా అన్నాడు ఆ మాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనే చేస్తాను అని అమ్మకి చెప్పేశాను.

నాన్న నోటుబుక్ ఒకటుంది, అరచేతంత సైజు, అట్ట నిండా రంగు చుక్కలు. అందులో పాళ్ళు రాసుకునేవారు. ఒక పేజీలో 'స్కంబుల్' అని రాసి కింద కొలతలున్నాయి. చూడగానే గుర్తొచ్చింది. క్వార్టర్లో మా ముందు తలుపు మామూలు చెక్క, దానికి ముందు లేత పసుపు రంగు వేసి, అది ఆరాక పైన పల్చటి బ్రౌను పూసి, అమ్మ విరిగిన దువ్వెనతో పై నుంచి కిందికి ఒక్క లాగు లాగారు. దువ్వెన పళ్ళు వెళ్ళిన చోటల్లా కింది పసుపు బయటపడి, మిగతాచోట బ్రౌను నిలబడి, టేకు నారలా వచ్చేసింది. ఓడల్లో ఇనప తలుపులకి కూడా అలాగే చెక్క పోలిక తెస్తారని చెప్పారు. నేను నోరు తెరుచుకుని చూశాను ఆ రోజు. ఇప్పుడు అందరూ గ్లేజ్ అంటున్నది ఇదే. రంగులా కప్పేది కాదు, కింది రంగు కనబడేలా ఉండే పల్చటి పూత. పూసి తుడిచేస్తే చదునుగా ఉన్నచోట పోతుంది, గీతల్లో, చెక్కుడు లోతుల్లో, అంచుల్లో మిగులుతుంది. ఆ మిగిలిందే వస్తువుకి వయసు, లోతు ఇస్తుంది.

అలా మొదలుపెట్టాను. అసలు పని గోకడమేనని నాన్న అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది. పైగా పాత ఎనామిల్ గోకడంలో ఒక ప్రమాదం ఉంది, ఇది మాత్రం ఎవరైనా చెయ్యబోతుంటే తప్పకుండా గుర్తుపెట్టుకోండి. మన దేశంలో ఇళ్ళకి వాడే పెయింటులో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళకి తొంభై పాళ్ళు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగుల్లో సీసం చాలా ఉండేది. ఆ పొడి గాలిలోకి లేస్తే ఊపిరితోపాటు ఒంట్లోకి పోతుంది, చిన్నపిల్లలకైతే మరీ చెరుపు. కాబట్టి పొడిగా రుద్దకూడదు. నీళ్ళు తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దాలి, మంచి మాస్కు ఉండాలి, వచ్చిన మురికిని గుడ్డతో ఎత్తి కట్టి పారెయ్యాలి. నాన్న తరం వాళ్ళు ఇవేమీ లేకుండా ఏళ్ళ తరబడి రెడ్ లెడ్ మధ్య పని చేశారు. గోళ్ళలో ఎర్రగీత చూసి మురిసిపోయిన నాకు ఇప్పుడు అది తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

కిటికీ వైపు పక్క రుద్దుతుంటే రంగులు ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. బ్రౌను, దాని కింద క్రీము, దాని కింద ఆకుపచ్చ, బూడిద, ఆఖర్న ఎర్రటి లక్క. బొబ్బ అంచున చూస్తే మడత కాజా పొరల్లా అన్నీ వరసగా కనబడ్డాయి. గోరంత మందంలో నా జీవితమంతా ఉంది. నేను అక్కడే కూర్చుండిపోయాను. అన్నీ గోకేసి చెక్క దాకా వెళ్ళాలనుకున్నదాన్ని, ఆ తర్వాత ఊడుతున్న వరకే తీసి, గట్టిగా అంటుకుని ఉన్నదాన్ని చదును చేసి వదిలేశాను. అంచు పల్లాలు లప్పంతో సరిచేశాను. లోపలివైపు ఆకుపచ్చ జోలికి అసలు వెళ్ళలేదు, తడిగుడ్డతో తుడిచానంతే.

సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో ఇంకో సమస్య ఇనుము. చెక్క బీరువాలకి సాధారణంగా వాడే ఇనప స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఆ తుప్పు టేకులోని రసంతో కలిసి చుట్టూ నల్లటి మచ్చ కడుతుంది. దీనికి ఒక్క మచ్చ కూడా లేదు. ఎందుకా అని బందులు విప్పి చూస్తే అన్నీ ఇత్తడి స్క్రూలు. నాన్న ఎప్పుడో మార్చేశారు, మాకెవరికీ చెప్పలేదు.

చెక్క బయటపడిన చోట టేకు నూనె ఉంటుంది, దాని మీద రంగు సరిగా పట్టదు. థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చాక లక్క పాలిష్ ఒక చేయి పూయాలి, లేకపోతే టేకు మరక పై రంగులోంచి పసుపు పచ్చగా తేలుతుంది. ఇక్కడ పొరపాటు చేశాను. ఆగస్టు నెల, బయట ముసురు, నాకు ఆగేంత ఓపిక లేక పూసేశాను. పది నిమిషాల్లో అంతా తెల్లగా మసకబారింది. పూర్ణా మార్కెట్ దగ్గర స్పిరిట్ కొన్న కొట్లో అడిగితే సరుకు మంచిదే అన్నారు. ఆఖరికి నాన్నతో కలిసి పనిచేసిన బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"వానలో లక్క పెట్టావేటమ్మా? స్పిరిట్ ఎగిరిపోయేటప్పుడు చల్లబడి గాల్లో తేమని లాగేసుకుంటాది. అందుకే తెల్లబడిపోద్ది. ఎండొచ్చిన రోజు చూసి, స్పిరిట్‌లో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో పైపైన ఒక్కసారి రాసెయ్. అదే కరిగి సర్దుకుంటాది."

నాలుగు రోజులకి ఎండొచ్చింది. ఆయన చెప్పినట్టే చేశాను. తెలుపు మాయమైపోయింది, నా కళ్ళ ముందే. ఫోన్ చేసి చెబితే ఆయన ఏమీ అనలేదు కాసేపు. తర్వాత, "మీ నాన్న ఉంటే ఒక్క మాటనకుండా నాలుగు రోజులు ఆగేవాడు" అన్నారు.

పై రంగుకి గోంగూర పువ్వు రేకులకి ఉంటుందే, ఆ లేత పసుపు కలిసిన మీగడ రంగు ఎంచుకున్నాను. పూర్తి తెలుపు వేస్తే గ్లేజ్ మరీ మురికిలా కనిపిస్తుంది. ముందు ఒక చెక్క ముక్క మీద ప్రయత్నించాను. దాని మీద ప్రైమర్ మాత్రమే ఉంది, మెరుపు లేని పూత. గ్లేజ్ రాయగానే బొగ్గు మీద నీళ్ళు పోసినట్టు పీల్చేసుకుంది, తుడిస్తే రాలేదు, మచ్చలు మచ్చలుగా ఉండిపోయింది. కింది పూతకి కొంచెం మెరుపుండాలి, అప్పుడే పైది జారుతుంది, తుడవడానికి వీలుంటుంది. అందుకని బీరువాకి మధ్యస్థంగా మెరిసే ఎనామిల్ రెండు చేతులు వేసి, వారం రోజులు ముట్టుకోలేదు. మన తేమకి డబ్బా మీద రాసినంత సమయం చాలదు.

గ్లేజ్ నాన్న నోటుబుక్ ప్రకారమే కలిపాను. వార్నిష్ ఒక గిన్నె, టర్పెంటైన్ ఒక గిన్నె, ఉడికించిన అవిసె నూనె అరగిన్నె, అందులో ట్యూబులోంచి బర్న్‌ట్ అంబర్ చెంచాడు. బర్న్‌ట్ అంబర్ అంటే కాల్చిన మట్టి, ఇనుమూ మాంగనీసూ ఉన్న మట్టిని కాలిస్తే ఆ ఎర్రటి గోధుమ రంగొస్తుంది. రంగు మట్టి నుంచి, నూనె అవిసెల నుంచి, కిందున్న లక్క పురుగు నుంచి, చెక్క చెట్టు నుంచి. పని చేస్తున్నంతసేపూ ఇదే తిరిగింది నా తలలో.

తుడవడానికి మెత్తటి నూలు గుడ్డ కావాలి. అమ్మని అడిగితే లోపలికెళ్ళి నాన్న బనీన్లు ఆరు తెచ్చి ఇచ్చింది, ఉతికి మడిచి పెట్టినవి. పాత బనీను ఎప్పుడూ పారెయ్యనిచ్చేవారు కాదు నాన్న, దాన్ని మించిన తుడుపు గుడ్డ లేదనేవారు. పీచు రాలదు, బాగా పీలుస్తుంది. నేను మూడు తీసుకుని మూడు తిరిగిచ్చేశాను.

ఒకసారి ఒక తలుపు మాత్రమే. మొదట తామరపువ్వు మీద చిన్న బ్రష్షుతో పొడుస్తూ లోతుల్లోకి దింపాను, తర్వాత గడి అంచులకి, తర్వాత చదును మీద పల్చగా. పువ్వంతా బురదలో పడ్డట్టయిపోయింది. భయం వేసింది. పది నిమిషాలు ఆగి, బనీను మడత పెట్టి, రేకు వంపుని బట్టి తుడిచాను. ఒక్కో రేకూ వెలుగులోకి వచ్చింది. మధ్యలో చిన్న చిన్న గింజలు చెక్కి ఉన్నాయి, అవి ఉన్నాయని కూడా నాకు తెలీదు, నాలుగు పూతల ఎనామిల్ కింద పూడిపోయాయి. రెండు పువ్వుల మీదా పాత రంగు కొంత గోకాక అవి పైకొచ్చాయి, ఇప్పుడు ఒక్కో గింజ చుట్టూ సన్నటి గోధుమ గీత నిలిచింది. చదునుగా ఉన్నచోట నార వెళ్ళే దారిలో, పై నుంచి కిందికి, ఆగకుండా ఒక్క తుడుపు. మధ్యలో ఆగితే చెయ్యి ఆగిన చోట మచ్చ పడుతుంది. బనీను మడత నిండిపోగానే కొత్త మడతకి మారాలి, లేకపోతే తీసిన రంగునే మళ్ళీ పూస్తున్నట్టు. నూనె గుడ్డల్ని ఉండ చుట్టి పడేయకూడదు, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. నాన్న యార్డులో నేర్చుకున్న జాగ్రత్త ఇది. పెరటి తీగ మీద విడివిడిగా ఆరేసేవారు. నేనూ బాల్కనీ తీగ మీద ఆరేశాను, గోధుమ రంగు పట్టిన మూడు బనీన్లు.

మా అమ్మాయి అప్పుడు లండన్‌లో చదువుకుంటోంది. ఫోటో పంపితే తిరుగు ఫోటో పంపింది, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తీసింది. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నంలో చేసిన సామాను, అద్దాల వెనక. దంతపు పలకలు పొదిగి, వాటి మీద పూలూ లతలూ గీకి ఉన్నాయి. కంపెనీ కాలంలో ఇక్కడి కార్ఖానాల్లో చేయించుకుని ఓడల మీద ఇంగ్లండు పట్టుకుపోయేవారట. దంతం కోసం ఏనుగుల్ని చంపారని తలుచుకుంటే మనసుకి కష్టమే, కానీ ఆ చేతిపని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. గీతలు అంత స్పష్టంగా కనిపించడానికి కారణం, గీకిన సందుల్లోకి నల్ల లక్క దింపి, పైపైన ఉన్నదాన్ని తీసేయడం. గీతలో ఉన్నది గీతలో ఉండిపోతుంది. చదివి ఒక్కసారి ఒళ్ళు జలదరించింది. నేను వంటింటి గుమ్మం ముందు బనీనుతో చేస్తున్నదే రెండు వందల ఏళ్ళకి పైగా కిందట ఇదే ఊళ్ళో ఎవరో చేశారు, వాళ్ళ పేరు ఎక్కడా లేదు.

లక్క అంటే మనవాళ్ళకి కొత్త కాదు కదా. అమ్మతో కలిసి ఒకసారి ఏటికొప్పాక వెళ్ళాం, వరాహ నది ఒడ్డున. అక్కడ అంకుడు కర్రని తిప్పుడు యంత్రానికి బిగించి, గిర్రున తిరుగుతుంటే రంగు లక్క పుల్లని అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది, ఆపైన మొగలి ఆకు పెట్టి ఒత్తితే ఒక్క క్షణంలో అద్దం మెరుపు వస్తుంది. పసుపు రంగుకి పసుపే, ఎరుపు కోసం జాఫ్రా గింజలు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక పెద్దాయన చేస్తుంటే అమ్మ చాలాసేపు ఆయన చేతులే చూసింది. ఎందుకో నేనప్పుడు అడగలేదు.

రెండో తలుపు, పక్కలు, సొరుగు అన్నీ అయ్యేసరికి ఇంకో వారం. ఇంకో పది రోజులు ఆరనిచ్చి, మెరుపు తక్కువున్న వార్నిష్ రెండు చేతులు వేశాను. గ్లేజ్ పల్చటి పూత, పైన కాపలా లేకపోతే తుడిచినప్పుడల్లా కొంచెం కొంచెం పోతుంది. ఇత్తడి పిడులకి చింతపండు రాసి తోమాను. కిటికీ వైపు పక్కమీద ఒక్క చోట, అరచెయ్యంత మేర, పొరలన్నీ కనబడేలా రంగు వెయ్యకుండా వదిలి వార్నిష్ మాత్రం పూశాను. గోడ వైపుకి ఉంటుంది, ఎవరికీ కనబడదు.

హాల్లోకి జరిపిన రోజు అమ్మని పిలిచాను. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి, తామరపువ్వు మీద వేలు పెట్టి రాసింది.

"ఏటే, మూలల్లో మురికి అలాగే ఉండిపోయింది? తుడవలేదా?"

మురికి కాదమ్మా, కావాలనే ఉంచాను, అలా ఉంటేనే పువ్వు లోతు తెలుస్తుందని చెప్పాను. నాన్న పుస్తకంలోదే అన్నాను. అమ్మ మళ్ళీ వంగి చూసింది. రేకుల సందుల్లో, గడి మూలల్లో, సన్నటి గోధుమ గీతని వేలితో అలా రాస్తూ చాలాసేపు నిలబడింది.

"మీ నాన్న గోళ్ళు ఇలాగే ఉండేవి" అంది.

నాకు నోట మాట రాలేదు. నెల రోజులు ఆ గీతలతోనే ఉన్నాను, నాకు తట్టలేదు. నలభై ఏడేళ్ళు ఆ చేతికి అన్నం పెట్టిన మనిషికి ఒక్క నిమిషంలో తట్టింది.

దసరాకి తమ్ముడొచ్చాడు. వస్తూనే ఎడమ తలుపు తెరిచి వేళ్ళ గుర్తులున్నాయో లేవో చూసుకున్నాడు, "నీవే అక్కా ఇవి" అన్నాడు, నేను కాదన్నాను. అమ్మ వాడి చేత పాత పేపర్లు కత్తిరించి అరలన్నిటిలో పరిపించుకుంది. పై అరలో పట్టుచీరలు, మధ్యలో నేత చీరలు, సొరుగులో నాన్న నోటుబుక్కూ కళ్ళజోడూ. అన్నీ సర్దాక లోపలికెళ్ళి, మిగిలిన మూడు బనీన్లు తెచ్చి, అడుగు అరలో ఒక మూలగా పెట్టి తలుపు వేసింది.